కాన్పుల పుస్తకం

సెప్టెంబర్ 8

తైపే నుంచి వచ్చి నాలుగు రోజులైంది. మూడు నెలలే ఉంటానని అందరికీ చెబుతున్నాను. ప్రూఫులు దిద్దే ఉద్యోగం మానేశానని అమ్మకి చెప్పలేదు, సెలవు పెట్టానన్నాను. నమ్మినట్టు తలూపింది. ఈ మధ్య అమ్మ అందరికీ అలాగే తలూపుతోంది.

మా కాన్పుల ఆసుపత్రి ముందుగది ఇప్పుడు ఎన్నికల కార్యాలయం. కాన్పుల బల్ల మీద కరపత్రాల కట్టలు పేర్చారు. కాళ్లు ఆన్చే ఇనుప కొమ్ములకి ప్రచారం టోపీలు తగిలించారు. అమ్మ చూసింది. ఇరవై తొమ్మిదేళ్లలో ఆ బల్ల మీద మూడు వేల పైచిలుకు పురుళ్లు పోసింది. ఈ ఏడాది ఇప్పటికి నాలుగే. మా ఊరు ఖామ్‌బేలో జనం పిల్లల్ని కనడం తగ్గించాక అమ్మ రాజకీయాల్లోకి వచ్చింది. ఒక విడత జిల్లా కౌన్సిల్లో కూర్చుంది. ఇప్పుడు శాసనసభకి పోటీ. డిసెంబర్ ఒకటిన పోలింగు.

అమ్మ రోజుకి ఎన్నిసార్లు నడుం వంచి దణ్ణం పెడుతుందో ఇవాళ లెక్కపెట్టాను. చేపల బజారులోనే నూట నలభై. ఆ తర్వాత లెక్క వదిలేశాను.

సెప్టెంబర్ 15

ప్రచారం అంతా తియెన్ మావయ్య చేతిలో ఉంది. అమ్మ తమ్ముడు. తన ఎరువుల దుకాణం గుమాస్తాకి వదిలేసి ఇక్కడే తిని ఇక్కడే పడుకుంటున్నాడు. అవతల పోటీలో ఉన్నది పళ్ల డాక్టరు.

"ఈ దేశంలో డాక్టరు కానివాడు పోటీ చేస్తే వింతగానీ డాక్టరు పోటీ చేస్తే ఏం వింతే?" అన్నాడు మావయ్య నూడుల్స్ జుర్రుకుంటూ. "జనానికి పట్టేది ఒకటి కావాలి. వాడు పళ్లు పీకాడు. అక్క ఏకంగా మనుషుల్నే లాగింది. అది ఎలా చెప్పాలో ఆలోచించు. చదివావుగా అన్నేళ్లు."

అప్పుడే తట్టింది. అమ్మ దగ్గర కాన్పుల పుస్తకాలున్నాయి, పదకొండు. ప్రతి పురుడూ అమ్మ చేతిరాతలో ఉంటుంది: తల్లి పేరు, ఆడా మగా, ఎన్ని గ్రాములు, ఏ రోజు, ఏ నిమిషం. ఓటు వయసు వచ్చిన ప్రతి ఒక్కరికీ ఒక ఉత్తరం. 'నువ్వు ఫలానా రోజు ఫలానా నిమిషానికి పుట్టావు. ఇంత బరువున్నావు. నీ గొంతు ముందుగా విన్నది నేనే.' అంతే. ఓటు మాటే ఎత్తకూడదు.

మావయ్య చాప్‌స్టిక్స్ కింద పెట్టేశాడు. "నీ దుంప తెగ," అన్నాడు ప్రేమగా.

అమ్మ అప్పుడే ఒక సంతాప సభకి బయల్దేరుతోంది, నల్ల కోటు గుండీలు పెట్టుకుంటూ. సంగతి చెప్పాను. పుస్తకాలు పాతబడ్డాయి, సిరా వెలిసిపోయిందంది. కారు హారన్ మోగింది. వెళ్లిపోయింది.

అమ్మ వద్దనలేదు.

సెప్టెంబర్ 24

పదహారు వందల నలభై పేర్లు. పుస్తకంలో తల్లి పేరే ఉంటుంది కాబట్టి టీకా కార్డులతో జత కలుపుతున్నాం. పెళ్లయిన ఆడపిల్లలు ఏ ఊరికి వెళ్లారో, ఏ ఇంటి కోడళ్లో మా స్వచ్ఛంద ఆడవాళ్లకి నోటికొచ్చు. తపాలా శాఖ ఎందుకు దండగ.

పదమూడు చోట్ల తేడా వచ్చింది. టీకా కార్డులో ఒక తేదీ, పుస్తకంలో ఒక తేదీ. ఒక్కరోజు, రెండ్రోజులు, ఒకచోట పది రోజులు. అమ్మనడగాలి.

సెప్టెంబర్ 25

అమ్మ రోజంతా ఊళ్ల మీదే. పుస్తకంలో ఉన్నదే తీసుకున్నాను. మూలప్రతి ఉండగా నకలుని నమ్మకూడదని నా ఉద్యోగం నేర్పింది. పదమూడు తప్పులు దిద్దానన్నమాట. కొంచెం గర్వంగానే ఉంది.

అమ్మ వద్దనలేదు కదా.

అక్టోబర్ 4

ఉత్తరాలు చేరాయి. ఊరు ఊరంతా గుమ్మంలోనే ఉంది!

ముప్పై దగ్గరపడుతున్న లారీ డ్రైవరొకడు వచ్చి, అమ్మ ముందు వీపు చూపించి, "ముందు కొట్టింది మీరేనటగా, ఇంకోటి కొట్టండి, అదృష్టం," అన్నాడు. అమ్మ కొట్టింది. అందరూ నవ్వారు. బిడ్డకి నెల నిండితే పంచాల్సిన ఎర్రరంగు గుడ్లు ఇరవై ఏళ్లు ఆలస్యంగా తెచ్చి ఇస్తున్నారు. గెలుపు శకునమని ముల్లంగి దండలు కూడా. వంటింట్లో అడుగు పెట్టే చోటు లేదు. అవతలి పళ్ల డాక్టరు ఊడిన పళ్ల తేదీలు రాసి పంపుతాడేమో అని మావయ్య రోజూ అదే జోకు వేస్తున్నాడు.

అమ్మ ఒక ఉత్తరం చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది. "అందరికీ పుస్తకంలోంచేనా?" అంది.

"అందరికీ."

ఇంకేదో అడగబోయింది. ఫోటో కోసం పిలిచారు.

అక్టోబర్ 11

ఇవాళ తింగ్ వాళ్ల ముసలమ్మ వచ్చింది. దిబ్బవైపు ఆల్చిప్పల పెంపకం వాళ్లది. రబ్బరు బూట్లతోనే వచ్చింది, మొహానికి పువ్వుల గుడ్డ చుట్టుకుని, కళ్లు మాత్రం కనిపించేలా.

"నువ్వేనా డాక్టరమ్మ కూతురివి? బాగా చదివావంటగా."

"అవునవ్వా. కూర్చోండి, టీ తెస్తాను."

"కూర్చుంటే లేవలేనే తల్లీ. నా కోడలికి కాగితం వచ్చింది. గుడి గుమస్తా చదివిపెట్టాడుగానీ వాడికి ఈ లెక్కలు రావు. ఇందులో తేదీ మన లెక్కలో ఏ రోజు?"

1975 ఫిబ్రవరి 10, సాయంత్రం ఆరూ పది. 2,850 గ్రాములు. పేరు గ్వే-హా. మావయ్య ముహూర్తాలు చూసే లావుపాటి పంచాంగం, ఏడాదికో జంతువు చొప్పున పన్నెండు జంతువుల లెక్కది, బల్ల మీదే ఉంది. తిరగేశాను.

"పాత ఏడాది ఆఖరి రోజు, అవ్వా! ఇంటిల్లిపాదీ కలిసి భోంచేసే సాయంత్రం. ఎంత మంచి ఘడియలో పుట్టిందో చూడండి."

"ఏ ఏడాదికి ఆఖరి రోజు?"

"పులి ఏడాది."

"మర్నాటి నుంచి?"

"కుందేలు."

ముసలమ్మ కాగితం నాలుగు మడతలు పెట్టి నడుం దగ్గర దోపుకుంది. "మేలు జరిగిందమ్మా," అంది. బస్సు దాకా నేనే గొడుగు పట్టాను. పాపం, ఆ వయసులో అంత దూరం.

అక్టోబర్ 13

గ్వే-హా వచ్చింది. చేతిలో ప్లాస్టిక్ సంచీ, లోపల రెండు జతల బట్టలు.

నాకంటే ఏడాది పెద్దది. ఆల్చిప్పలు ఒలిచి ఒలిచి వేళ్ల నిండా గాట్లు. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

"చెల్లీ, ఇరవై ఆరేళ్లుగా నేను కుందేల్ని," అంది. "మొన్న సాయంత్రం అన్నానికి కూర్చున్నప్పుడు కూడా కుందేల్నే. తినడం అయ్యేసరికి పులినైపోయాను."

పెళ్లయిన మూడో నెలలో ఆమె మావగారి తెప్ప తిరగబడింది. శవం తొమ్మిది రోజులకి దొరికింది. పులి ఏట పుట్టిన ఆడదాన్ని పెళ్లికూతురి గదిలోకే రానివ్వరు, అలాంటిది ఇంట్లోకి తెచ్చుకున్నామని ముసలమ్మ వాకిట్లో నిలబడి ఊరంతా వినేలా అరిచిందట. 'ఐదేళ్లుగా వెతుకుతున్నా, మా ఆయన్ని మింగిందెవరా అని. నా పక్కనే కూర్చుని ఆల్చిప్పలు ఒలుస్తోంది,' అందట.

"మీ ఆయన?"

"పైకి చూస్తూ కూర్చున్నాడు. వాన వస్తుందేమో అన్నట్టు."

నాలుగేళ్ల కూతుర్ని మాత్రం పంపలేదు. అది వాళ్ల ఇంటి పిల్లట.

"డాక్టరమ్మ వస్తే ఒక్క మాట చెప్పమను చెల్లీ. కాగితంలో తేదీ తప్పుపడిందని. అంతే. ఇంకేం వద్దు."

బాలింతల గదిలో మంచం వేసిచ్చాను. తేదీ చెప్పింది నేనేనని చెప్పలేదు. అడగలేదుగా.

అక్టోబర్ 14

అమ్మతో మాట్లాడాను. ఉన్నదున్నట్టు రాసుకుంటాను, మళ్లీ నాకు అనుకూలంగా గుర్తుచేసుకోకుండా.

"ఆరూ పదికి పుట్టింది," అంది అమ్మ. పుస్తకం తెరవకుండానే చెప్పింది. "తండ్రి గుమ్మంలో నిలబడ్డాడు. ఆడపిల్లని చెప్పగానే, రేపటిదాకా ఆపలేకపోయారా డాక్టరుగారూ అన్నాడు. వంకాయలు కొయ్యడం ఆపినట్టు. తిట్టి పంపేశాను. వెనక్కి తిరిగేసరికి ఆ తల్లి మంచం దిగి నేల మీద మోకాళ్ల మీద ఉంది. కని గంట కూడా కాలేదు. కింద రక్తం మడుగు కడుతోంది. నా పిల్లకి పులి వద్దు డాక్టరమ్మా, ఎవరూ చేసుకోరు, అంటోంది. తేదీ మారిస్తే లేచి పడుకుంటుంది. నేను అంతవరకే ఆలోచించాను, పెయ్. రక్తం ఆగాలి."

"అందుకని మర్నాటి తెల్లవారుజాము అని రాసిచ్చావు."

"రాసిచ్చాను."

"మిగతా పన్నెండూ?"

"ఒక్కొక్కళ్లదీ ఒక్కో గొడవ. కొన్నిటికి పులి, కొన్నిటికి పెళ్లికి ముందే పడ్డ నెలలు."

"మరి పుస్తకంలో కూడా మార్చి ఉండొచ్చుగా?"

అమ్మ నా వైపు చిత్రంగా చూసింది. "కాగితం వాళ్లది. పుస్తకం నాది," అంది.

పన్నెండు ఇళ్లు. ఆ ఇళ్లల్లో ఏం జరిగిందో ఎవరూ వచ్చి చెప్పలేదు.

అక్టోబర్ 15

మావయ్యకి తెలిసిపోయింది. కుర్చీలో కూలబడ్డాడు.

"దొంగ సర్టిఫికెట్! పళ్ల డాక్టరు చెవిన పడితే రేపు ఉదయానికల్లా లౌడ్ స్పీకర్లో వస్తుంది. అక్కా, నీకు బుద్ధుందా? పోనీ రాసినదానివి పుస్తకంలో కూడా అదే ఏడవచ్చుగా?"

"గొంతు తగ్గించు. లోపల గ్వే-హా ఉంది," అంది అమ్మ.

పది నిమిషాలకల్లా మావయ్య తేరుకున్నాడు. ఆయనకి ఏడుపు కూడా పది నిమిషాల కార్యక్రమమే. "ఇందులో కష్టమేముంది? అచ్చు తప్పు. పెయ్ పదకొండు రాయబోయి పది రాసింది. పిల్లది, పట్నం నుంచి వచ్చింది, ఎన్నడూ బరువు మొయ్యలేదు, తడబడింది. అక్క పరువు దక్కింది, ఆ పిల్ల కాపురం నిలబడింది. ఏమంటావే అమ్మడూ?"

సరేనన్నాను. ఎంత వెంటనే అన్నానంటే నాకే సిగ్గేసింది. నిజానికి నాకు తేలికగా అనిపించింది, చెయ్యని తప్పొకటి ఒప్పుకుంటే చేసినది కప్పబడుతుందని.

అక్టోబర్ 16

సెప్టెంబర్ పదిహేనున అమ్మ వద్దంది.

గుండీలు పెట్టుకుంటూ ఒకసారి, 'పుస్తకాల జోలికి వెళ్లకు' అంది. సిరా మాట నేను ఎందుకని అడిగాక చెప్పింది. కారెక్కుతూ అద్దం దించి ఇంకోసారి అంది. హారన్‌లో వినిపించలేదనుకున్నాను. వినిపించింది.

అక్టోబర్ 20

అమ్మా, మావయ్యా, నేనూ దిబ్బవైపు వెళ్లాం. గ్వే-హాని కారులోనే ఉండమన్నాం.

వాకిట్లో ఆల్చిప్పల గుట్ట. చుట్టూ పీటల మీద ఆడవాళ్లు. మమ్మల్ని చూసి కూడా కత్తులు ఆపలేదు. గ్వే-హా మొగుడు ఒక మూల నైలాను తాడు చిక్కులు తీస్తున్నాడు. మేమున్న గంటసేపూ అదే తాడు.

నేను ముందుకెళ్లి నడుం విరిగేలా వంగాను. "అవ్వా, పొరపాటు నాది. పదకొండుకి బదులు పది వేశాను. మీ కోడలు కుందేలే."

ముసలమ్మ చిప్ప తెరుస్తూనే ఉంది. "పదీ పదకొండూ పొరపడ్డావు. బాగుంది. సాయంత్రం ఆరూ పది అని కూడా పొరపడ్డావా? తెల్లవారుజామున పుట్టిన పిల్లకి?"

మావయ్య అందుకున్నాడు. "పిన్నిగారూ, పిల్ల పక్క గీతలో ఉన్నది చూసి..."

"నువ్వు ఎరువులమ్ముకునేవాడివి, ఇసుకలో ఎరువేస్తే పండదులే నాయనా." పక్కనున్నవాళ్లు కిసుక్కుమన్నారు. ముసలమ్మ కత్తి కింద పెట్టింది. "డాక్టరమ్మా, నా ముగ్గురు పిల్లలకీ నువ్వే పోశావు పురుడు. నీ మాట మీద నాకు గౌరవం. కానీ ఈ పిల్ల నోట కాదు, నీ నోట వినాలి. ఊరందరి ముందూ. కోడి మెడ మీద కత్తి పెట్టి, ఇది కుందేలు ఏట పుట్టిందని ప్రమాణం చెయ్యి. ఇప్పుడే తీసుకెళ్లి నా పక్కన కూర్చోబెట్టుకుంటా."

"మాజు తల్లి గుడిలోనా?" అన్నాడు మావయ్య.

"మాజు తల్లి మెత్తనిది. ఎంతటిదానికైనా క్షమిస్తుంది. వాంగ్‌యే గుడిలో. ఆయన లెక్క వదలడు."

ఇంట్లోంచి పసిపిల్ల అమ్మ కావాలని రాగం తీస్తోంది. ఎవరూ తలుపు తియ్యలేదు.

అక్టోబర్ 21

మావయ్య ఆనందానికి హద్దుల్లేవు. "టీవీ వాళ్లందరూ వస్తారే! ఒక్క కోడి! ఇన్నేళ్లుగా దేవుడిచ్చిన ప్రచారం ఇలా నడిచొచ్చి ఒళ్లో కూర్చోవడం నేనెప్పుడూ చూళ్లేదు!"

అమ్మ గదిలో తలుపేసుకుంది.

అక్టోబర్ 23

ప్రమాణం చెయ్యనంది అమ్మ. దేవుడికి భయపడి కాదట. 'నలభై ఏళ్ల క్రితం చదివిన చదువుకి' అంది.

అక్టోబర్ 26

గ్వే-హా పొద్దున్నే లేచి ఆసుపత్రి అంతా కడుగుతోంది. కిటికీ ఊచలతో సహా. వద్దంటే వినదు. ఊరికే తింటే అరగదంటుంది.

మధ్యాహ్నం గుడ్డ పిండుతూ అమ్మనే అడిగేసింది. "డాక్టరమ్మా, మీరు ఒట్టేస్తారా వెయ్యరా? వెయ్యకపోతే ఇవాళే చెప్పండి. కావ్‌షుంగ్‌లో ఫ్యాక్టరీ పని చూసుకుంటాను. కానీ అక్కడికెళ్తే దాన్ని ఇంక చూడనివ్వరు."

"నేను ఒట్టేస్తే అలాంటి ఇంటికి మళ్లీ వెళ్తావా నువ్వు? నిన్ను పులని వీధిలోకి నెట్టిన ఇంటికి?"

"మీకది ఇల్లులా అనిపించదు. నిజమే. నా కూతురు అక్కడుంది."

అమ్మ బకెట్టు ఆమె దగ్గరికి జరిపింది.

"మా అమ్మ అడిగితే రాసిచ్చారట కదా," అంది గ్వే-హా. "అప్పుడు మీకు ఓట్ల అవసరం కూడా లేదు."

ఆ మాటలో ఎత్తిపొడుపు ఉందో లేదో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. అమ్మ మొహం మాత్రం ఎవరో చెంప మీద కొట్టినట్టయింది.

అక్టోబర్ 27

అమ్మ ఒప్పుకుంది.

ఎవరికోసం ఒప్పుకున్నావని అడగాలనుంది. గ్వే-హా ఇంటికెళ్లేదీ అదే దారి, అమ్మ శాసనసభకెళ్లేదీ అదే దారి. అడిగితే అమ్మ నిజమే చెబుతుంది, అది నిజమని నేను నమ్మను. అడగలేదు.

నవంబర్ 3

వాంగ్‌యే గుడి ముందు కెమెరాలు పదో పన్నెండో. అగరొత్తుల పొగకి కళ్లు మండిపోతున్నాయి. జనం గోడలెక్కారు.

ముందు నా వంతు. మైకులో తప్పు ఒప్పుకుని మూడుసార్లు వంగాను. 'అజాగ్రత్త పిల్ల' అని ఎవరో అన్నారు, ముద్దుగానే. ఎవరో చప్పట్లు కూడా కొట్టారు.

ప్రమాణం మాటలు పసుపు కాగితం మీద మావయ్యే రాయించాడు, ఆనవాయితీ ప్రకారం: 'నేను చెప్పింది అబద్ధమైతే నా సంతానానికి కీడు జరుగుగాక.' సంతానమంటే నేనొక్కదాన్నే. రాత్రే చదివాను. నవ్వుకున్నాను. నాకు ఇలాంటివాటి మీద నమ్మకం లేదు.

అమ్మ కాగితం పైకెత్తింది. మొదటి వాక్యం స్థిరంగా చదివింది. గ్వే-హా కుందేలు ఏట పుట్టింది, తొలిరోజు తెల్లవారుజామున. తర్వాత ఆగింది. కళ్లజోడు సర్దుకుంది. చదవడం మానేసి, చూడకుండా చెప్పింది.

"నేను చెప్పింది అబద్ధమైతే, ఈ రెండు చేతులూ మళ్లీ ఏ బిడ్డనీ అందుకోకుండా పోవుగాక."

మావయ్య ఒక్కసారి నా వైపు చూశాడు. నేను నేల వైపు చూశాను.

కోడి మెడ మీద ఒక్క దెబ్బే. ఎముక ఎక్కడ అతుకుతుందో ఆమెకి తెలుసు. కాగితం కాల్చారు. టపాకాయలు. తింగ్ ముసలమ్మ జనంలోంచి నడిచొచ్చి గ్వే-హా చెయ్యి పట్టుకుని, ఇంత పొద్దుపోయింది, ఆల్చిప్పలు ఎవరొలుస్తారే, అంది. అలాగే పట్టుకుని తీసుకుపోయింది. గ్వే-హా వెనక్కి తిరిగి చూడలేదు. వాళ్లాయన ఆ ప్లాస్టిక్ సంచీ మోస్తూ వెనకాలే వెళ్లాడు.

ఇంటికొచ్చాక అమ్మ చాలాసేపు చేతులు కడుక్కుంది. మోచేతుల దాకా, ఆపరేషన్‌కి ముందు కడుక్కున్నట్టు.

నవంబర్ 4

టీవీలో పదకొండుసార్లు వేశారు.

నవంబర్ 9

ఇప్పుడు కొత్త తంటా. అజాగ్రత్త పిల్ల రాసిన ఉత్తరాలు కదా, మా ఘడియ కూడా తప్పేనేమోనని జనం వరస కట్టారు. ఒకామె కొడుకు జాతకం ఉత్తరం ప్రకారం మళ్లీ రాయించిందట, జ్యోతిష్కుడు కోటీశ్వరుడవుతాడని చెప్పాడట. "మావాడిది మాత్రం కరెక్టేనని చెప్పమ్మా, నీ కాళ్లకి దణ్ణం పెడతా," అంటుంది. కరెక్టేనన్నాను. లారీ డ్రైవరు కూడా వచ్చాడు. అతని ఘడియ మారితే పెళ్లాం మంచిదవుతుందేమో చూడమన్నాడు.

అందరికీ కరెక్టేనంటున్నాను. నిజంగానే అన్నీ కరెక్టే. నిజాలే రాసి తప్పులని ఒప్పుకున్న ప్రూఫ్ రీడరు ప్రపంచంలో నేనొక్కదాన్నే అయ్యుంటాను.

నవంబర్ 17

చేపల బజారులో కరపత్రాలు పంచుతుంటే తింగ్ ముసలమ్మ ఎదురైంది. ఆల్చిప్పల బుట్ట పక్కన పీట చూపించింది. కూర్చున్నాను.

"గ్వే-హా బాగుందా అవ్వా?"

"తింటోంది, ఒలుస్తోంది, నన్ను తిట్టుకుంటోంది. బానే ఉంది." మొహం గుడ్డ కిందికి లాగి, "అది పులేనే. నాకు తెలుసు," అంది.

నా చేతిలో కరపత్రాలు జారాయి.

"అంత బిత్తరపోకు. సాయంత్రం ఆరూ పది అని ఎవరూ పొరపాటున రాయరు. మీ అమ్మ గుడిలో నిలబడ్డప్పుడే తెలిసింది, నిజం చెప్పేవాళ్లు అంత తిన్నగా నిలబడరు."

"మరి... ఎందుకు తీసుకెళ్లారు?"

"పిల్ల నాలుగు రోజులు గంజి ముట్టలేదు. నా కొడుకు సంగతి చూశావుగా, తాడు. అదిలేని ఇల్లు ఇల్లులా లేదు. కానీ ఊరంతా వినేలా అరిచినదాన్ని. నా అంతట నేను వెళ్లి రావే అంటే ఏం మొహం పెట్టుకునేది? నాకంటే పెద్ద నోరు ఒకటి కాదనాలి. డాక్టరమ్మ నోటికంటే పెద్దది ఈ తీరాన ఏముంది?"

తలాడించి మళ్లీ కత్తి తీసుకుంది.

"వాంగ్‌యే లెక్క వాంగ్‌యేది. అది నా నెత్తిన పడదు. ప్రమాణం చేసింది నేను కాదుగా. మీ అమ్మని జాగ్రత్తగా చూసుకో."

ఒక సేరు ఆల్చిప్పలు పొట్లం కట్టి ఒళ్లో పెట్టింది. డబ్బులు తీసుకోలేదు.

నవంబర్ 18

అమ్మకి చెప్పలేదు. చెబితే, చెయ్యకపోయినా సరిపోయేది, ఇంకో వారం ఆగుంటే ముసలమ్మే దిగొచ్చేది, అని తెలిసిపోతుంది. దిగొచ్చేదా? తెలీదు.

ఆల్చిప్పలు గుడ్డుతో అట్టు పోశాను. అమ్మ రెండు తింది.

డిసెంబర్ 1

గెలిచింది. పళ్ల డాక్టరు కంటే పందొమ్మిది వేలు ఎక్కువ. మావయ్య ట్రక్కు మీద ఏడుస్తున్నాడు. ఈసారి పది నిమిషాలు దాటింది.

డిసెంబర్ 2

రోజంతా కృతజ్ఞతల ఊరేగింపు. దిబ్బవైపు వెళ్లినప్పుడు గ్వే-హా వాకిట్లో నిలబడి ఉంది, కూతురు చంకలో. చెయ్యి ఊపలేదు. ట్రక్కు వెళ్లేదాకా చూస్తూ నిలబడింది.

అమ్మ ఆమెకి కూడా మిగతావాళ్లందరికీ వంగినంతే వంగింది.

డిసెంబర్ 4

మధ్యాహ్నం మూడింటికి అత్తాకోడళ్లు స్కూటరు మీద వచ్చారు. టోఫూ చేసేవాళ్లు, చెరువుల వీధి. కోడలికి రెండో కాన్పు. పట్నంలో చూపించుకుంటోందట, ఇంకా పన్నెండు రోజులుందని వాళ్లు చెప్పారట. స్కూటరు సీటంతా తడి.

అంబులెన్సుకి ఫోన్ చేశాం. నలభై నిమిషాలన్నారు. అమ్మ ఆ కోడలి మొహం చూసింది, అంత టైము లేదని నాకే తెలుస్తోంది.

"లోపలికి తీసుకురా," అంది అమ్మ. బాలింతల గదిలో పడుకోబెట్టాం. అమ్మ తలుపు దగ్గరే నిలబడిపోయింది. చేతులు వెనక్కి పెట్టుకుంది.

"అమ్మా, గ్లౌజులు," అన్నాను.

"నువ్వు వేసుకో."

"నేనా?"

"నువ్వే. చేతులు కడుక్కో, మోచేతుల దాకా. ఆమె కాళ్ల దగ్గర కూర్చో. భయపడకు, నేను చెబుతుంటాను."

అత్తగారు అయోమయంగా ఇద్దర్నీ చూస్తోంది. "డాక్టరమ్మా, మీరు చెయ్యేస్తే మాకు ధైర్యం..."

"ఈ అమ్మాయి చేస్తుంది," అంది అమ్మ. గొంతు పాత గొంతే. చిన్నప్పుడు గోడ అవతల నుంచి వింటూ నిద్రపోయేదాన్ని. "ఇప్పుడు ముక్కొద్దమ్మా, చిన్నగా ఊపిరి తీసుకో. పెయ్, తల కనిపిస్తోందా? ఎంత? అరచేత్తో ఆపు. తొయ్యకు, లాగకు, ఊరికే ఆపు. నెమ్మదిగా రానీ. మెడ చుట్టూ వేలు పోనీ. బొడ్డుతాడు ఉందా?"

"ఉంది. ఒక చుట్టు."

"తల మీంచి దాటించు. చొక్కా తీసినట్టు. ఆ. ఇప్పుడు భుజం. కిందికి. అంతే, అంతే."

జారి చేతుల్లోకి వచ్చేసింది. ఆడపిల్ల. చేపలా జిగటగా, వేడిగా ఉంది. ఏడవలేదు.

"బోర్లా తిప్పు. వీపు మీద రుద్దు. గట్టిగా. ఇంకా గట్టిగా, పెయ్!"

అమ్మ భుజాలు ముందుకి ఊగాయి. చేతులు వెనకే ఉన్నాయి, ఒకదాన్నొకటి పట్టుకుని, గోళ్లు తెల్లబడేంతగా. ఆ క్షణంలో నేను పిల్లని కాదు, ఆ చేతుల్నే చూస్తున్నాను.

ఏడ్చింది.

అత్తగారు నేల మీద కూర్చుని అమ్మ వైపు దణ్ణం పెడుతోంది, నా వైపు కాదు. అమ్మ చెప్పినట్టే బొడ్డు కట్టి కోశాను. పిల్లని ఎక్కడ పడేస్తానో అని భయమేసింది.

"నువ్వు ఈ ఒట్లన్నీ నమ్మవు కదమ్మా," అన్నాను.

"నమ్మను," అంది అమ్మ.

పిల్లని అమ్మకి అందించాను. అమ్మ ఒక అడుగు వెనక్కి వేసింది.